అడుగలేనివారి వీధిలో దీపము

శ్రీ గురు బసవలింగాయ నమః



సాయంసంధ్యవేళ మన ఇండ్లలో దీపము పెట్టుట ఎవరో వచ్చి అడిగినందున జరుగు పని కాదు. చీకటి పడినదని పసిబిడ్డ వచ్చి మొరపెట్టుకొనువరకు ఏ తల్లియు వేచియుండదు. చూపు మందగించిన ముసలి అత్తగారు కూర్చున్న మూల ఏదో ఆమెకు తెలియును; మొదటి దీపమును అచటికే కొనిపోవును. వెలుగు ఎవరికి మిక్కిలి అవసరమో వారికడకు దీపము తానై నడచిపోవుట ఇంటి ధర్మము. ఇది ఊరి ధర్మము కూడ కాగలదా? ప్రభుత్వపు పీఠమును ప్రజల సభయు కలిసి ఈ ధర్మమును నడపగలవా? ఈ ప్రశ్నను నేడు మీ యెదుట ఉంచుచున్నాను.

ఇందులకు దృష్టాంతముగా ఒక దూరదేశపు నగరమును తీసికొందును. అమెరికా దేశమున వాయవ్య దిశయందు సియాటిల్ అను నగరము కలదు. మన తెలుగువారి బిడ్డలు పెక్కుమంది ఆ నగర పరిసరములందు కంప్యూటరు కొలువులు చేయుచు కాపురములుండుటచే ఆ పేరు మనకు క్రొత్తది కాదు. అచట వీధిదీపముల బాధ్యత నగరపు విద్యుత్ శాఖది. దీపము ఆరిపోయినచో ఆ వీధివారు శాఖకు తెలియజేయవలెను, తెలియజేసినచోట శాఖవారు క్రొత్త దీపమును అమర్చెదరు. చిరకాలము అచటి పద్ధతి ఇదియే. విన్నంతనే ఇది న్యాయమైన పద్ధతియే యని తోచును. అందరికిని ఒకటే నియమము, పక్షపాతమునకు చోటు లేదు.

కాని కొంచెము ఆలోచింపుడు. ఫిర్యాదు చేయుటకు తీరిక కావలెను. దొరల భాష రావలెను. తన మాటను కార్యాలయము ఆలకించునను నమ్మకము ఉండవలెను. ఈ మూడును సంపన్నుల వాడలలో సమృద్ధిగా ఉండును. పేదలు, నల్లజాతివారు, క్రొత్తగా వలస వచ్చినవారు నివసించు వాడలలో ఇవి కొరత. కనుక ఫిర్యాదు వచ్చిన వాడలలో దీపములు వెలిగినవి, రాని వాడలు వెనుకబడినవి. ఏ ఉద్యోగియు ద్వేషము పూని ఆ వాడలను చీకటిలో ఉంచలేదు. ద్వేషము లేకుండగనే చీకటి నిలిచినది! ఈ ఒక్క మాటను మనసున పట్టించుకొన్నచో నేటి ప్రసంగములో సగము మీకు అందినట్లే.

2004లో ఆ నగరపు మేయరు గ్రెగ్ నికెల్స్ జాతి న్యాయము, సామాజిక న్యాయము అను రెండింటిని కలిపి ఒక కార్యక్రమమును ఆరంభించెను. నగరపాలనలోని ప్రతి శాఖయు తన పద్ధతులను తానే పరీక్షించుకొనవలెననునది దాని సారము. ఈ నిర్ణయము వలన ఎవరికి మేలు కలుగును, ఎవరిపై భారము పడును, ఆ భారము మోయువారిని ముందుగా అడిగితిమా అను ప్రశ్నలు శాఖల ముందు నిలిచినవి. విద్యుత్ శాఖ తన దీపముల లెక్కను ఈ కంటితో చూచుకొని తప్పును గ్రహించినది. పిమ్మట ఫిర్యాదుల కొరకు వేచియుండక, వాడవాడకు వరుసగా, ఒక క్రమము ప్రకారము దీపములను మార్చు పద్ధతికి మారినది. అడుగలేనివారి వీధికి కూడ దీపము నడచిపోయినది.

అందరికిని ఒకటే నియమము పెట్టుట సమానత్వము. ఎవరి చీకటి ఎంతయో చూచి దానికి తగిన వెలుగును చేర్చుట సమన్యాయము. మన ఇంటి తల్లికి ఈ రెండవది పుట్టుకతోనే తెలియును. ప్రభుత్వములు మాత్రము దీనిని కష్టపడి నేర్చుకొనవలసి వచ్చుచున్నది.

అయితే ఆ నగరము ఈ విద్యను ఒక్కనాడు నేర్చినది కాదు. పీఠముపై కూర్చున్నవారు తమంతట తామే నేర్చినదియు కాదు. దీని వెనుక నలువది యేండ్ల కథ కలదు.

ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున సియాటిల్ నగరములోని పెక్కు ఇండ్ల దస్తావేజులలో, ఆ యింటిని తెల్లవారికి తప్ప ఇతరులకు అమ్మరాదు, అద్దెకీయరాదు అను షరతులు వ్రాయబడియుండెను. అట్టి షరతులను న్యాయస్థానములు అమలు చేయరాదని 1948లో ఆ దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కాగితముపై షరతు బలము తగ్గినను మనుష్యుల మనస్సులలోని షరతు తగ్గలేదు. నల్లజాతివారిలో అత్యధికులు సెంట్రల్ డిస్ట్రిక్ట్ అను ఒక్క భాగమునకే పరిమితులై యుండవలసి వచ్చెను. వారు ఊరూరేగింపులు జరిపిరి, వినతులు ఇచ్చిరి. 1963 జూలైలో నగర ప్రభుత్వము మానవ హక్కుల కమిషన్ ఒకదానిని ఏర్పరచెను. అందులో నల్లజాతివారి సంఖ్య మిక్కిలి తక్కువగా ఉండుటచే యువకులు మేయరు కార్యాలయములోనే బైఠాయించి నిరసన తెలిపిరి. బాధపడువారిని గూర్చి మాట్లాడుటకు వేసిన సభలో బాధపడువారికే చోటు చాలకపోవుట ఎంత వింత!

ఆ కమిషన్, గృహముల అమ్మకములలోను అద్దెలలోను జాతి వివక్ష కూడదని ఒక శాసనపు ముసాయిదాను సిద్ధపరచెను. కాని నగర కౌన్సిల్ దానిని తానే ఆమోదించుటకు వెనుదీసి పౌరుల ఓటునకు వదలెను. 1964 మార్చిలో జరిగిన ఆ ఓటింగులో శాసనము ఓడిపోయినది. దానిని కాదన్నవారు ఔనన్నవారికి రెండింతలకు మించియుండిరి. తలుపు తీయవలెనా వద్దా యని లోపల హాయిగా కూర్చున్నవారిని అడిగినచో వచ్చు జవాబు ఇట్లే యుండును. 1967లో సామ్ స్మిత్ అను నల్లజాతి నాయకుడు ఆ కౌన్సిలునకు ఎన్నికయ్యెను. ఆ జాతినుండి అచట కూర్చున్న మొదటి సభ్యుడు ఆయనయే. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్ హత్య గావింపబడెను. దేశమంతయు తల్లడిల్లెను. అదే నెల 19న సియాటిల్ కౌన్సిల్ ఏకగ్రీవముగా ఆ శాసనమును ఆమోదించెను.

అయిదేండ్ల ఈ కథలో కమిషన్ దారిని చూపినది, కాని నడుచుటకు దానికి కాళ్లు లేవు. కౌన్సిలునకు కాళ్లు కలవు, కాని దారి చూచు ధైర్యము లేకపోయినది. రెండును కలిసిననాడే తలుపు తెరచుకొన్నది. ఆ లోపల ఎందరి జీవితములు ఇరుకు గదులలో గడచిపోయినవో! ఆలస్యమునకు కూడ ఒక వెల కలదు. దానిని చెల్లించువారు మాత్రము ఎల్లప్పుడును బలహీనులే.

శరణులారా! ఇది విన్నప్పుడు మనకు కల్యాణ పట్టణము తలపునకు రాక మానదు. నేడు కర్ణాటకలోని బీదరు జిల్లాలో బసవకల్యాణమని పిలువబడు ఆ పట్టణము మన తెలంగాణపు పొలిమేరకు ఎంతో దూరము కాదు. పన్నెండవ శతాబ్దమున బిజ్జల మహారాజు కొలువులో బసవేశ్వరుడు భండారియై రాజ్యపు ధనాగారమును నడిపెను. ఆయన చేతిలో అధికారము కలదు. ఆజ్ఞలిచ్చి కూర్చున్నను కూర్చుండవచ్చును. కాని ఆ మహానుభావుడు అనుభవ మంటపమును నెలకొల్పెను. అల్లమప్రభువు శూన్యసింహాసనమున అధ్యక్షుడై కూర్చుండ, బట్టలుతుకు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, త్రాళ్లు పేను చందయ్య, తోలు పని చేయు కక్కయ్య, సమస్తమును విడిచి వచ్చిన అక్కమహాదేవి అచట సరిసమానముగా మాటలాడిరని మన సంప్రదాయము చెప్పుచున్నది. భండారి పీఠము రాజ్యపు చేయి. మంటపము రాజ్యపు చెవి. చేయి చెవిమాట విన్నంతకాలము కల్యాణము పేరునకు తగినట్లు వెలిగినది.

ఆ మంటపమునకు చెందిన ఒక తల్లి కథను మరల తలచుకొందము. ఆయ్దక్కి మారయ్య భండారము వాకిట రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుటయే కాయకముగా జీవించువాడు. ఒకనాడు, బసవన్న ఉద్దేశపూర్వకముగా గింజలను ఎక్కువ రాల్పించెననియు, మారయ్య నిత్యముకంటె అధికముగా ఏరి తెచ్చెననియు కథ. భార్య లక్కమ్మ ఆ మూటను చూచి మురిసిపోలేదు. ఇది మన కాయకమునకు మించినది, ఉన్నచోటనే పోసి రమ్మని భర్తను త్రిప్పి పంపెను. రాజ్యపు భండారికి ఒక నిరుపేద ఇల్లాలు బుద్ధి చెప్పుట ఎంతటి ధీరత! దానిని వినయముతో శిరసావహించుట బసవన్నకే చెల్లినది.

లక్కమ్మ కాదనినది దయను కాదు, తన్ను అడుగక చేసిన దయను. అధికారులు సద్బుద్ధితోనే పేదవాడలకు పథకములు రచింతురు. కాని అవి కొన్ని వేళల గింజలు వెదజల్లినట్లే యుండును. తీసికొనువానికి ఏమి కావలెనో, ఎంత కావలెనో, ఎట్లు ఇచ్చిన మర్యాదయో ఎవరును అడుగరు. పౌరుల కమిషన్లు ఉండవలసినది లక్కమ్మ వలె మాటలాడుటకే. సియాటిల్ కమిషన్ సభ్యులు వేతనము లేకయే పనిచేయుదురు. వారు మేయరునకు, కౌన్సిలునకు సలహా చెప్పుదురు, పౌరుల మొరలను విందురు. దానిని మన భాషలో దాసోహమనవచ్చును. అయితే పొగడుటకు మాత్రమే కూర్చుండబెట్టిన కమిషన్ దాసోహము చేయజాలదు, అది ద్వారమునకు కట్టిన తోరణము వంటిది. చెప్పిన సలహాకు ఔననియో కాదనియో కారణముతో సహా జవాబు చెప్పని ప్రభుత్వమునకు చెవి ఉండియు లేనట్లే.

కల్యాణమునందు ఆ చెవి మూతపడిననాడు ఏమి జరిగినదో మీకు తెలియును. బ్రాహ్మణ వంశమునుండి వచ్చిన మధువరసు తన కుమార్తెను, చెప్పులు కుట్టు హరళయ్య తన కుమారునకు ఇచ్చి వివాహము చేయుటకు సమ్మతించిరి. ఇరువురును లింగధారులు, శరణుల దృష్టిలో అది ఒకే ఇంటి వివాహము. రాజు దానిని వర్ణసంకరమని యెంచి ఆ తండ్రులకు మరణదండన విధించెను. పిదప కల్యాణము రక్తసిక్తమైనది, శరణులు చెల్లాచెదరైరి, బిజ్జలుడును మిగులలేదు. పీఠము మంటపమునుండి వేరుపడినచో నగరము నిలువదని ఆ బూడిద నేటికిని చెప్పుచున్నది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును తెలుగు ద్విపదలో పాడి ఆ శరణుల వెలుగును మన ఇండ్లకు చేర్చెను. ఆ వెలుగునకు వారసులమని చెప్పుకొను మనము మిగిలిన మాటలను కొంచెము ఓర్పుతో వినవలెను.

2023 ఫిబ్రవరి 21న అదే సియాటిల్ నగర కౌన్సిల్ మరియొక శాసనము చేసినది. ఉద్యోగములలోను, గృహములలోను, ప్రజలు వచ్చిపోవు స్థలములలోను కులమును బట్టి వివక్ష చూపరాదనునది దాని తాత్పర్యము. సభ్యురాలు క్షమా సావంత్ దానిని ప్రతిపాదించగా ఆరుగురు అనుకూలముగాను ఒకరు ప్రతికూలముగాను ఓటు వేసిరి. అమెరికాలో ఇట్టి శాసనము చేసిన మొదటి నగరము అదియే. అదే సంవత్సరము సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో నగరము ఆ బాటను నడచినది. అంతకు రెండేండ్లు ముందు, 2021 ఏప్రిల్‌లో, ఆ రాష్ట్రమునందలి శాంటా క్లారా కౌంటీ మానవ హక్కుల కమిషన్ కుల వివక్షపై బహిరంగ విచారణ జరిపి ఉభయ పక్షముల వాదములను ఆలకించినది. రాష్ట్రమంతటికి వర్తించునట్లు శాసనసభ ఆమోదించిన బిల్లును మాత్రము 2023 అక్టోబరులో గవర్నరు తిరస్కరించెను. ఉన్న చట్టములే అట్టి వివక్షను నిషేధించుచున్నవని ఆయన చెప్పిన కారణము.

అమెరికాలో నల్లవారి బాధకొరకు పుట్టిన న్యాయపు దారి, మన దేశమునుండి పోయినవారి కులము వరకు వచ్చి నిలిచినది. మన బిడ్డలు విమానమెక్కి సముద్రములు దాటునప్పుడు పెట్టెలలో ఆవకాయ, విభూతి, ఇష్టలింగపు కరడిగె సర్దితిమి. దానితోపాటు మనము సర్దని వస్తువొకటి కూడ వారి వెంట పోయినదా? ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, భోజనములో ఏమి తిందురని అడిగి, ఎదుటివాని కులమును లెక్కకట్టు విద్య పోయినదా? దళిత యువకులు కొందరు పరదేశములో కూడ తమ పుట్టుకను దాచుకొని బ్రదుకవలసివచ్చెనని సభలలో చెప్పుకొన్న మాటలు వినగా మనస్సు చివుక్కుమనును.

ఈ శాసనమును వ్యతిరేకించిన హిందూ సంస్థలు కూడ కలవు. ఇది ఒక్క దేశమునుండి వచ్చినవారినే వేలెత్తి చూపునని, నిరపరాధులను కూడ అనుమానించునని వారి భయము. ఆ భయమును పరిహసించుట ధర్మము కాదు. దూరదేశములో అల్పసంఖ్యాకులై బ్రదుకువారి భయము వట్టిది కాదు. అట్టి భయమును, దళితుని బాధను ఒకే గదిలో కూర్చుండబెట్టి విను స్థలము కావలెను. శాంటా క్లారాలో కమిషన్ చేసినది అట్టి పనియే. కాని మనమట్టుకు ఒక్కటి చెప్పుకొనవలెను: ఎనిమిది వందల యేండ్లకు మునుపే బసవన్న మనకు ఇచ్చిన శాసనమును పాటించినవానికి సియాటిల్ శాసనము క్రొత్త భారము కాదు. మెడలో లింగము ధరించినవానికి ఎదుటివాని కులమును అడుగు అధికారము ఆనాడే పోయినది.

ఇక మన వాకిటికి వత్తము. మనలో కులము లేదని వేదికపై చెప్పుదుము. మన సమాజపు వివాహ ప్రకటనలను చదువుడు. ఉపశాఖ పేరు లేని ప్రకటనలు ఎన్ని? దాసోహపు పంక్తిలో అందరము కూర్చుందుము. వియ్యపు పంక్తిలో ఎందరము కూర్చుందుము? హరళయ్య ప్రాణమిచ్చినది ఏ పంక్తి కొరకు?

మన మఠముల మాటయు అట్టిదే. ఎన్నియో మఠములు విద్యార్థులకు అన్నమును, వసతిని ఇచ్చి వేలకొలది జీవితములను నిలబెట్టినవి. ఆ పుణ్యము చిన్నది కాదు. కాని చోటు ఎవరికి దొరకుచున్నది? దరఖాస్తు పెట్టినవారికి. దరఖాస్తు ఎవరు పెట్టుదురు? మఠము తెలిసినవారు, స్వామివారి దర్శనమునకు వచ్చు పరిచయము కలవారు, పంపుటకు ఒక పెద్దమనిషి ఉన్నవారు. ఊరి చివర నుండు చెప్పులు కుట్టువాని బిడ్డకు, బట్టలుతుకు ఇంటి బిడ్డకు మఠపు వాకిలి తనకొరకు కూడ తెరచియున్నదని ఎవరు చెప్పినారు? మనకు ద్వేషము లేదు, నిజమే. సియాటిల్ విద్యుత్ శాఖకును లేదు. ఆ వీధులు చీకటిలో ఉండుట మానినవా?

కావున మఠాధిపతులకు, సమాజ పెద్దలకు కరములు మోడ్చి మూడు విన్నపములు చేయుచున్నాను. మొదటిది: ప్రతి మఠమునందు మూడు మాసములకొక పర్యాయము అనుభవ గోష్ఠి జరుగవలెను. అందు పురాణ శ్రవణముతోపాటు ఊరి బాధల శ్రవణము కూడ ఉండవలెను. చేతివృత్తులవారును, స్త్రీలును, లింగధారణ లేని పొరుగువారును పిలువబడవలెను. పిలిచి కూర్చుండబెట్టిన పిదప వారిచేత ముందు మాటలాడించవలెను. రెండవది: ఆ గోష్ఠిలో వచ్చిన ప్రతి సలహాకు మఠపు కార్యవర్గము తరువాతి గోష్ఠిలోపల జవాబు చెప్పవలెను. కాదనవచ్చును, కాని మౌనముగా ఉండరాదు. మూడవది: వసతిగృహపు చోట్లలో కొన్నింటిని అడిగినవారికి గాక అడుగలేనివారికి కేటాయించి, ఆ బిడ్డలను వెదకుటకు మనవారే వాడలకు నడచిపోవలెను.

పరదేశములందున్న మన బిడ్డలకు ఒక మాట. మీ నగరములో పౌరుల కమిషన్ కూర్చున్నప్పుడు మీరును పోయి వినుడు. అవకాశము దొరకినచో ఆ సేవలో చేరుడు. మన కులమువారి తరఫున వాదించుటకు పోవలదు. శరణుని చెవితో వినుటకు పొండు. నల్లజాతి పొరుగువాడు తన వీధి దీపమును గూర్చి చెప్పునప్పుడు అది మీ వీధి కాదని లేచి రావలదు. 1960లలో వారు వీధులలో నిలిచి కొట్లాడి తెరిపించిన తలుపులగుండనే మనవారు ఆ నగరములలో ఇండ్లు కొనుచున్నారు. ఆ ఋణము మనపై కలదు.

దీపము పట్టుకొన్న చేయియు, చీకటి ఎచటనున్నదో తెలిసిన నోరును కలిసిననాడు వీధి వెలుగును. నేటి రాత్రి ఇష్టలింగమును అరచేత నుంచుకొని పూజకు కూర్చున్నప్పుడు ఒక్క క్షణము కన్నులు మూసికొని మీ ఊరిని తలంపుడు. ఏ ఇంటినుండి మీకు ఏ మొరయు ఎన్నడును వినరాలేదో ఆ ఇంటిని తలంపుడు. రేపు ఉదయము కాయకమునకు బయలుదేరునప్పుడు ఆ వాకిట ఒకసారి నిలువుడు.

శరణు శరణార్థి.